బియ్యప్పిండి లేని డబల్‌రొట్టె

మా అక్క బిడ్డకు గోధుమ పడదని తేలిన రోజు ఇంట్లో అందరి నోటా ఒకే మాట. "ఇంతేనా, బియ్యప్పిండి ఉంది కదా!" ఉత్తర తెలంగాణలోని మా చెన్నూరులో ఆ మాట రాకపోతేనే ఆశ్చర్యం. సంక్రాంతికి సకినాలు, వాన పడితే సర్వపిండి, చుట్టాలొస్తే అప్పాలు. మా వైపు ఇంటి పిండి అంటే బియ్యప్పిండే.

పిల్లకు అప్పుడు తొమ్మిదేళ్లు. అది అడిగింది రెండే. బడిలో తోటి పిల్లలు డబ్బాలో తెచ్చుకునే డబల్‌రొట్టె, పుట్టినరోజుకు కేకు. రెండూ బియ్యప్పిండితో చేసి పెట్టాం. కేకు తింటుంటే పంటి కింద సన్న ఇసుక తగిలినట్టుంది. డబల్‌రొట్టె ఓవెన్‌లోంచి తీసినప్పుడు మెత్తగానే ఉంది, తెల్లారి చూస్తే బిగుసుకుపోయింది. పైగా అదే ఇంట్లో మా అమ్మకు ఎన్నో ఏళ్లుగా షుగర్. అన్నం తగ్గించమని డాక్టరు ప్రతిసారీ చెప్పే మనిషి ముందు ఆ బియ్యాన్నే కేకుగా చేసి పెడుతున్నాం. మనవరాలికీ అమ్మమ్మకూ ఒకే పళ్లెంలో పెట్టగలిగేది ఏదైనా ఉందా అని వెతకడం అట్లా మొదలైంది.

వెతికింది దొరికింది. దానికి కావలసిన విద్య మా ఇంటి వెనక వాడలోనే ఉందని తెలుసుకోవడానికి మాత్రం చాలా పిండి వృథా చేశాను. మీకు ఆ వృథా తప్పాలని ఇదంతా చెబుతున్నాను.

ముందు గోధుమ చేసే పనేమిటో చూద్దాం. అది తెలియకుండా దాని స్థానంలో మరొకటి పెట్టలేం. పిల్లలున్న ఇంట్లో ఎవరైనా చేసి చూడదగ్గ పని ఒకటుంది. నిమ్మకాయంత చపాతీ పిండి ముద్దను గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా పిసకండి. నీళ్లు పాలలా తెల్లబడతాయి. నీళ్లు మార్చి మళ్లీ పిసకండి. నాలుగైదు సార్లయ్యాక నీళ్లు తేటగా ఉంటాయి, చేతిలో రబ్బరులా సాగే బూడిదరంగు ముద్ద మిగులుతుంది. కొట్టుకుపోయిన తెలుపు స్టార్చ్. మిగిలింది గ్లూటెన్. గోధుమలో గ్లయాడిన్, గ్లూటెనిన్ అని రెండు రకాల ప్రొటీన్లు ఉంటాయి. పొడి పిండిలో దేనికది పడి ఉంటుంది. నీళ్లు తగిలి చెయ్యి తగిలాక రెండూ అల్లుకుని వల అవుతాయి. ఈస్టు చక్కెర తిని వదిలే కార్బన్ డయాక్సైడ్ ఆ వలలో చిక్కుకుంటుంది. వేడికి బుడగలు ఉబ్బుతాయి, వాటి చుట్టూ గోడలు గట్టిపడతాయి. బేకరీ బన్ను నొక్కి వదిలితే మళ్లీ లేస్తుందే, అది ఆ గోడల బలం.

మా పిల్లకు ఉన్నది సీలియాక్ జబ్బు. అది ఉన్నవాళ్లకు ఈ గ్లూటెన్ లోపలికి పోతే ఒంటిలోని రక్షణ వ్యవస్థ పొరబడి తన చిన్నపేగు గోడనే దెబ్బతీస్తుంది. పేగులో ఆహారాన్ని పీల్చుకునే సన్నటి నూగు అరిగిపోతుంది. తిన్నది ఒంటబట్టదు. రక్తం తగ్గుతుంది, పిల్లలు ఎదగరు. గోధుమతో పాటు బార్లీ, రై కూడా వీళ్లకు పడవు. ఈ జబ్బుకూ రొట్టెకూ ఉన్న సంబంధాన్ని తేల్చింది నెదర్లాండ్స్‌లోని పిల్లల డాక్టరు విల్లెం కారెల్ డికె. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల అక్కడ ఘోరమైన కరువు వచ్చింది. రొట్టె దొరకని ఆ రోజుల్లో ఈ జబ్బున్న పిల్లలు కోలుకోవడం, రొట్టె మళ్లీ రాగానే జబ్బు తిరగబెట్టడం చూశాక ఆయనకు ముందు నుంచీ ఉన్న అనుమానం బలపడింది. 1950లో దాని మీదే సిద్ధాంత వ్యాసం రాశాడు.

మన దగ్గర ఇది తక్కువ. 2016లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనంలో దేశంలోని మూడు ప్రాంతాల్లో 23,331 మంది పెద్దవాళ్లను పరీక్షించారు. ఉత్తరాదిలో ఇంచుమించు నూటికి ఒకరికి సీలియాక్ ఉంటే, దక్షిణాదిలో ఇంచుమించు పదివేలకు ఒకరికి ఉంది. తక్కువ కాబట్టి ఇక్కడ ఎవరికీ చప్పున తట్టదు. మా పిల్లకు దాదాపు రెండేళ్లు నులిపురుగుల మందులు, రక్తం టానిక్కులు పోస్తూ తిరిగాం. చివరికి ఒక డాక్టరమ్మ టిటిజి అనే రక్తపరీక్ష రాసింది, తర్వాత ఎండోస్కోపీ చేశారు. ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. అనుమానం ఉన్నవాళ్లు పరీక్షలు అయ్యేదాకా గోధుమ మానొద్దు. ముందే మానేస్తే రక్తంలో ఆనవాళ్లు తగ్గిపోయి జబ్బు ఉన్నా లేనట్టు కనిపించవచ్చు. ఏ జబ్బూ లేనివాళ్లు ఫ్యాషన్ కోసం గోధుమ మానాల్సిన పనీ లేదు.

ఇప్పుడు బియ్యప్పిండి సంగతి. ప్రపంచంలో గ్లూటెన్ లేని బేకింగ్ పుస్తకాలు ఎక్కువ భాగం బియ్యప్పిండి మీదే నడుస్తాయి. తెల్లగా ఉంటుంది, రుచిలో తలదూర్చదు, ఎక్కడైనా దొరుకుతుంది. చిక్కు ఎక్కడంటే, బియ్యపు గింజ గట్టిది, ఎంత పట్టించినా పలుకు మిగులుతుంది. ఆ పలుకు నీళ్లు పీల్చుకోవడానికి చాలాసేపు పడుతుంది, కేకు అంతసేపు ఆగదు. అదీ కాక మనం ఇష్టపడేది పొడిపొడిగా ఉడికే బియ్యం. అలాంటి బియ్యంలో అమైలోజ్ అనే రకం స్టార్చ్ ఎక్కువ. వేడిగా ఉన్నప్పుడు మెత్తబడి, చల్లారాక మళ్లీ బిగుసుకోవడం దాని గుణం. రాత్రి మిగిలిన అన్నం పొద్దుటికి గట్టిపడేది అందుకే. అన్నం గట్టిపడితే పోపు వేసుకుంటాం. రొట్టె గట్టిపడితే ఏం చేస్తాం?

చెన్నూరు వంటింట్లో బియ్యానికి ఇంత పెద్దపీట పడింది ఈ మధ్యనే. మా నాయనమ్మ తరానికి రోజూ తిండి జొన్న రొట్టె, జొన్న గట్క, మక్క గట్క, ఎండాకాలం తైదంబలి, అంటే రాగి అంబలి. వరి అన్నం పండుగకు, పెళ్లికి. ఆదిలాబాద్ గోండు గూడేలైతే జొన్న మీదే బతికాయి. 1940లలో మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని రాసిన హైమెన్‌డార్ఫ్ పుస్తకాల్లో జొన్న చేను పదే పదే కనిపిస్తుంది. తర్వాత శ్రీరాంసాగర్ కాలువలు కరీంనగర్ వైపు వరిని తెచ్చాయి. 1983లో ఎన్టీ రామారావు రెండు రూపాయలకు కిలో బియ్యం ఇవ్వడంతో పేదింటికి కూడా అన్నం రోజూ అందింది. ఆ పథకాన్ని నేను తప్పు పట్టను, ఆకలి తెలిసినవాళ్లెవరూ పట్టరు. మా నల్లరేగళ్లలో జొన్న ఉన్నచోటికి పత్తి వచ్చింది. ఒకటి రెండు తరాలు గడిచేసరికి జొన్నపిండితో చెయ్యి కలిపే అలవాటు ముసలివాళ్ల చేతుల్లోనే మిగిలింది.

ఆ చేతుల దగ్గరికే పోయాను. మా ఇంటి వెనక వాడలో ఒక పెద్దమ్మ ఉంది. రోజూ సాయంత్రం కట్టెల పొయ్యి మీద జొన్న రొట్టెలు చేస్తుంది. నాకు నేర్పమని అడిగితే పక్కన కూర్చోబెట్టుకుంది. ఆమె మొదట చూసింది పిండిని కాదు, ఎసరును. నేను చెయ్యి పెట్టి చూసి చాలన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"ఉడుకైతె సాలదు బిడ్డా. తెర్లాలె. తెర్లకపోతె పిండి మాట ఇనదు."

నీళ్లు తెర్లి, అంటే మరిగి, ఆవిరి మూతను ఎత్తాక చిటికెడు ఉప్పు వేసి, పళ్లెంలో గుంట చేసిన పిండిలో పోసింది. గరిటె వెనకతో కలిపింది. చెయ్యి పట్టేంత వేడికి దిగగానే అరచేతి మడమతో పిండిని ముందుకు తోస్తూ, వెనక్కి లాగుతూ, మళ్లీ తోస్తూ పిసికింది. మొదట పొడిపొడిగా పగిలిన ముద్ద, వంద తోపుళ్లు అయ్యేసరికి నున్నగా మైనంలా మారింది. పీట మీద పొడిపిండి చల్లి రెండు చేతుల వేళ్లతో తడుతూ ఉంటే ముద్ద తనంత తానే గుండ్రంగా తిరుగుతూ వెడల్పయింది. అంచు ఎక్కడా చీలలేదు. పెంక మీద వేసి, పైన తడిగుడ్డతో నీళ్లు అద్ది, తిరగేసి, చివరికి నిప్పుల పక్కన నిలబెడితే రొట్టె పూరీలా పొంగింది.

గ్లూటెన్ లేని పిండి పొంగింది. నేను పుస్తకాలు తిరగేస్తూ వెతుకుతున్నది కళ్ల ముందు జరిగింది.

దీని వెనక ఉన్న సంగతి ఇది. జొన్నలోని ముఖ్యమైన ప్రొటీన్ పేరు కాఫిరిన్. అది గింజలో చిన్న చిన్న మూటలుగా గట్టిగా ముడుచుకుని ఉంటుంది, నీళ్లంటే దానికి పడదు. ఎంత పిసికినా గ్లూటెన్‌లా వల అల్లదు. కాబట్టి జొన్నపిండికి బలం ప్రొటీన్ నుంచి రాదు, స్టార్చ్ నుంచి రావాలి. స్టార్చ్ రేణువులు తగినంత వేడిలో నీళ్లు పీల్చి ఉబ్బి జిగురవుతాయి. గోధుమ స్టార్చ్‌కు 60 డిగ్రీల దగ్గరే ఆ మార్పు వస్తుంది. జొన్న స్టార్చ్ 70 డిగ్రీలు దాటితే గానీ లొంగదు. పళ్లెం వేడి పీలుస్తుంది, పిండి వేడి పీలుస్తుంది, అన్నీ పోను ముద్దలో 70 మిగలాలంటే నీళ్లు తెర్లుతూ ఉండాలి. అప్పుడు పిండిలో కొంత భాగం అక్కడికక్కడే గంజి అయి, మిగతా పిండిని పట్టి ఉంచుతుంది. పెద్దమ్మకు డిగ్రీలతో పని లేదు. ఆవిరి మూతను ఎత్తడమే ఆమె కొలత.

ఆమె చెప్పిన ఇంకో మాట కూడా బేకింగ్‌కు పనికొచ్చింది. పిండి పాతబడితే జిగి పోతుందట, రొట్టె ఇరుస్తుందట. నేను మొదటి రెండు నెలలు వాడింది ఎప్పుడు పట్టించారో తెలియని ప్యాకెట్ పిండి. వారం లోపల పట్టించిన పిండితో అదే కొలతల్లో చేస్తే రొట్టె వేరేగా వచ్చింది. సజ్జపిండికైతే ఇంకా తక్కువ గడువు. సజ్జలో నూనె ఎక్కువ, పట్టించిన కొద్ది రోజులకే చేదెక్కుతుంది.

ఈ తెర్లే నీళ్ల ఉపాయం మనదొక్కటే కాదు. ఇథియోపియాలో టెఫ్ అనే సన్నటి ధాన్యంతో ఇంజెరా అనే దోసెలాంటి రొట్టె చేస్తారు. పులిసిన పిండిలో కొంత తీసి నీళ్లతో ఉడికించి గంజి చేసి, తిరిగి పిండిలో కలుపుతారు. ఆ గంజిని అబ్సిత్ అంటారు. ఇంజెరా మీద కళ్లుకళ్లుగా కనిపించే రంధ్రాలు నిలవడంలో దానికి భాగం ఉంది. బ్రెజిల్‌లో కర్రపెండలం పిండి మీద మరిగే పాలు, నూనె పోసి, జున్నూ గుడ్లూ కలిపి ఉండలు కాలుస్తారు. లోపల బోలుగా పొంగి వస్తాయి. గోధుమ మీద ఆధారపడని చోట్ల ఆడవాళ్లు ఎవరికి వారే ఈ దారి కనిపెట్టుకున్నారు.

రొట్టె పొంగడం ఒక ఎత్తు, డబల్‌రొట్టె పొంగి నిలవడం ఇంకో ఎత్తు. జొన్న రొట్టెలో ఒక్కటే పెద్ద బుడగ, అది చల్లారగానే కూలినా ఫర్వాలేదు. డబల్‌రొట్టెలో వేల చిన్న బుడగలు గంటసేపు నిలబడాలి. గంజి ఒక్కదానికి అంత ఓపిక లేదు. దానికి తోడు కావాలి. బయటి దేశాల్లో జాంతన్ గమ్ వాడతారు, అది ఒక రకం బ్యాక్టీరియాతో తయారుచేసే జిగురు పొడి. చెన్నూరులో ఏ దుకాణంలోనూ నాకు దొరకలేదు, దొరక్కపోయినా లోటు లేదు. మెడికల్ షాపులో మలబద్ధకానికి అమ్మే ఇసబ్‌గోల్ పొట్టు ఆ పని ఇంకా బాగా చేస్తుంది. ఒక చెంచా పొట్టును గ్లాసు నీళ్లలో వేసి పది నిమిషాలు ఆగితే నీళ్లు జావలా ముద్దకడతాయి. ఆ జావ సాగుతుంది, నీళ్లను వదలదు, గాలిని పట్టి ఉంచుతుంది. గ్లూటెన్‌కు నాకు తెలిసినంతలో ఇదే దగ్గరి చుట్టం. అవిసె గింజల పొడిని మూడింతల నీళ్లలో నానబెట్టినా జిగురు వస్తుంది, కాకపోతే కేకులకే చాలుతుంది, డబల్‌రొట్టెకు చాలదు. గోకరకాయ గింజల నుంచి తీసే గ్వార్ గమ్ కూడా ఈ జాతిదే. మినప్పిండి సంగతి ఇడ్లీ తినే ఇంట్లో చెప్పనక్కర్లేదు. రుబ్బిన మినపప్పు గాలిని పట్టి ఉంచబట్టే ఇడ్లీ మెత్తగా ఉంటుంది.

ఇప్పుడు మా ఇంట్లో కుదిరిన కొలత చెబుతాను. గ్లాసులతో కాకుండా చిన్న త్రాసు కొనుక్కుని గ్రాముల్లో తూచండి. ఇసబ్‌గోల్ ఐదు గ్రాములు తేడా వస్తే రొట్టె తేడా వస్తుంది.

తెల్లజొన్న పిండి 200 గ్రాములు. సగ్గుబియ్యం మిక్సీలో మెత్తగా పట్టి జల్లించిన పిండి 100 గ్రాములు. పేరులో బియ్యం ఉందని భయపడకండి, సగ్గుబియ్యం కర్రపెండలం దుంపది. ఇసబ్‌గోల్ పొట్టు 20 గ్రాములు, నీళ్లు మొత్తం 340 మిల్లీలీటర్లు, ఇన్‌స్టంట్ ఈస్టు 6 గ్రాములు, బెల్లం 15, ఉప్పు 6, నూనె 20, నిమ్మరసం ఒక చెంచా. గోధుమ రొట్టెకు వంద గ్రాముల పిండికి 60, 65 గ్రాముల నీళ్లు చాలు. ఇక్కడ పిండి కంటే నీళ్లే ఎక్కువ. మొదటిసారి చూసేవాళ్లు భయపడి పిండి కలుపుతారు, అక్కడే చెడుతుంది.

జొన్నపిండిలో 50 గ్రాములు పక్కకు తీసి, 150 మిల్లీలీటర్ల తెర్లే నీళ్లు పోసి గరిటెతో గబగబా తిప్పండి. చిక్కటి గట్క అవుతుంది. గోరువెచ్చగా అయ్యేదాకా ఆగండి, వేడి మీద ఈస్టు వేస్తే చచ్చిపోతుంది. మిగిలిన 190 మిల్లీలీటర్ల నీళ్లలో ఇసబ్‌గోల్ వేసి జావ కట్టనివ్వండి. తర్వాత మిగతావన్నీ కలిపి ఐదు నిమిషాలు పిసకండి. ముద్ద గారెల పిండి కంటే గట్టిగా, చపాతీ పిండి కంటే మెత్తగా ఉండాలి. చేతికి నూనె రాసుకుని, నూనె రాసిన రొట్టె డబ్బాలో సర్ది, పైభాగం తడిచేత్తో నున్నగా దిద్దండి. తడిబట్ట కప్పి వెచ్చటి చోట పెట్టండి. మా ఎండాకాలంలో నలభై నిమిషాలు చాలు, చలికాలం గంటన్నర పట్టిన రోజులున్నాయి. రెండింతలు అయ్యేదాకా చూడొద్దు, ఒకటిన్నర రెట్లు అయితే ఓవెన్‌లో పెట్టండి. మైదా రొట్టెకు ఒకసారి పొంగాక గుద్ది మళ్లీ పొంగనిస్తారు. దీనికి అది పనికిరాదు. ఇక్కడ గాలి ఒకసారి పోతే మళ్లీ పట్టడానికి వల లేదు.

200 డిగ్రీల వేడిలో 50 నుంచి 55 నిమిషాలు. పైన రంగు వచ్చిందని ముందే తీస్తే లోపల బంకగా ఉంటుంది. తీశాక రెండు గంటలు కొయ్యొద్దు. ఇంత చిన్న విషయం అనిపిస్తుంది గానీ నా మొదటి ఆరు రొట్టెల్లో నాలుగు దీని వల్లే పాడయ్యాయి. స్టార్చ్ చల్లారేదాకా గోడలు గట్టిపడవు, వేడి మీద కత్తి పెడితే గోడలు అణిగి ముద్దవుతాయి.

కేకుకు ఇంత కష్టం లేదు. గుడ్డు ఉంటుంది కాబట్టి సగం భారం అది మోస్తుంది. కేకుకు ముఖ్యం నానడం. జొన్నపిండినో కొర్రపిండినో పెరుగు, గుడ్లు, బెల్లంతో కలిపాక ముప్పై నిమిషాలు పక్కన పెట్టి, ఆ తర్వాతే బేకింగ్ పౌడర్ వేసి ఓవెన్‌లో పెట్టండి. పలుకు నాని ఇసుక పోతుంది. తైదపిండి నల్లగా ఉంటుంది, కోకోతో కలిస్తే ఎవరూ గుర్తుపట్టరు. బిస్కెట్లకు అసలు గ్లూటెనే అక్కర్లేదు, గ్లూటెన్ ఎంత తక్కువుంటే అంత కరకరలాడతాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు బిస్కెట్లతోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. దోరగా వేయించిన జొన్నపిండి 150 గ్రాములు, పల్లీల పొడి 50, బెల్లం పొడి 80, నెయ్యి 80, ముద్ద కట్టడానికి చాలినంత పాలు. 170 డిగ్రీల్లో పావుగంట.

ఓవెన్ లేని ఇల్లు ఏం చేయాలి? ఉత్తర తెలంగాణ ఇళ్లకు ఓవెన్ ఎప్పటినుంచో ఉంది, దాని పేరు సర్వ. అడుగు లోతైన ఆ పాత్ర లోపలి గోడలకు పిండిని పల్చగా తట్టి, వేలితో బొక్కలు పెట్టి, బొక్కల్లో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్నసెగ మీద కాలుస్తాం. మూత కింద ఆవిరి పైన మెత్తబరుస్తుంది, లోహం కింద ఎర్రగా కాలుస్తుంది. బియ్యప్పిండితో చేసే ఈ సర్వపిండిని జొన్నపిండితో చేయొచ్చా అని పెద్దమ్మను అడిగితే, జొన్నతో కూడా చేసేవాళ్లమని తేలిగ్గా చెప్పేసింది. పిండిని తెర్లే నీళ్లతో కలపడం ఒక్కటే తేడా. నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, ఉల్లాకు, కల్యామాకు, అన్నీ మామూలే. ఒక పిండి దించాక కాలుతున్న సర్వను బోర్లించి నల్లా కింద పెడితే సుయ్‌మని ఆవిరి లేస్తుంది. చల్లబడితేనే రెండో పిండి గోడకు అంటుకుంటుంది. మా అమ్మకు డబల్‌రొట్టె కంటే ఇదే ఇష్టం.

అమ్మ పేరు వచ్చింది కాబట్టి షుగర్ గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. జొన్న మందు కాదు. జొన్నలోనూ స్టార్చే ఎక్కువ, సగ్గుబియ్యం పిండి అయితే పూర్తిగా స్టార్చే. పీచు ఉన్నందువల్ల, ఇసబ్‌గోల్ కలిసినందువల్ల, తెల్ల బియ్యప్పిండి కేకు కంటే ఇది మెరుగు. అంతవరకే. సిరిధాన్యాలు తింటే షుగర్ పోతుందని చెప్పేవాళ్ల మాట విని మాత్రలు మానుకున్నవాళ్లను చూశాను, అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను. అమ్మకు ముక్క చిన్నది, మీటరు పరీక్ష మామూలే.

ఇంత చేశాక కూడా పిల్ల ఒకసారి మళ్లీ జబ్బు పడింది. కారణం వెతికితే పిండి గిర్ని దగ్గర తేలింది. గిర్నిలో ముందు ఎవరిదో గోధుమ పడుతుంది, అదే రాళ్ల మధ్య, అదే గుడ్డ గొట్టంలోంచి మన జొన్న పడుతుంది. మన దేశంలో ఆహార ప్రమాణాల సంస్థ గ్లూటెన్ ఫ్రీ అని రాయడానికి పెట్టిన హద్దు కిలోకు 20 మిల్లీగ్రాముల గ్లూటెన్. గోధుమపిండిలో దాదాపు నూటికి ఎనిమిది, పది వంతులు గ్లూటెన్. లెక్క వేస్తే కిలో జొన్నపిండిలో పావు గ్రాము గోధుమపిండి కలిస్తేనే హద్దుకు చేరినట్టు. పావు గ్రామంటే రెండు వేళ్ల మధ్య పట్టే చిటికెడు. గిర్ని గొట్టాన్ని ఒకసారి తట్టి చూడండి, గుప్పెడు రాలుతుంది. షుగర్ కోసం గోధుమ తగ్గించేవాళ్లకు దీనితో పని లేదు. సీలియాక్ ఉన్నవాళ్లకు గిర్ని పిండి పనికిరాదు, పొద్దున్నే మొదట పట్టించినా పనికిరాదు. మేము జొన్నలు తెచ్చి, గోధుమ గింజలు ఏరి, కడిగి ఎండబోసి, ఇంట్లో దానికే కేటాయించిన మిక్సీలో పట్టి జల్లిస్తాం. అటక మీది ఇసుర్రాయిని కూడా దించాం. మిక్సీ వేడెక్కుతుంది, ఇసుర్రాయి వేడెక్కదు.

గోధుమ మరో వేషంలో వచ్చే చోట్లు ఇంకా ఉన్నాయి. డబ్బాలో అమ్మే ఇంగువలో చాలావాటికి గోధుమపిండి కలిపి ఉంటుంది. చాలా సోయా సాస్‌లలో ఉంటుంది. మాల్టు అని రాసి ఉన్న, పాలలో కలుపుకునే పొడుల్లో చాలావాటిలో బార్లీ ఉంటుంది. ఉప్మా రవ్వ, సేమ్యా గోధుమవే అని కొందరికి ఇప్పటికీ తెలియదు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక మంచిర్యాల దుకాణాల్లో మిల్లెట్ బిస్కెట్లు వరుసలు కట్టాయి. ముందు జొన్నకంకి బొమ్మ, వెనక పదార్థాల జాబితాలో మైదానో గోధుమపిండో ఉన్నవి చాలా చూశాను. ముందువైపు బొమ్మను చూసి కొనకండి, వెనకవైపు చిన్న అక్షరాలు చదివి కొనండి.

ఈ ప్రాంతానికి తనదైన బిస్కెట్ ఒకటి రావాలని నాకు కోరిక. అడవి దానికి తీపి ఇప్పటికే ఇచ్చింది. ఎండిన ఇప్పపువ్వు ఎండుద్రాక్షలా తియ్యగా ఉంటుంది. ఉట్నూరులో ఆదివాసీ మహిళల సహకార సంఘం ఇప్పపువ్వుతో లడ్డూలు చేస్తోంది. 2025 మార్చి మన్ కీ బాత్‌లో ప్రధాని ఆదిలాబాద్ అక్కచెల్లెళ్ల ఇప్పపువ్వు వంటకాల గురించి, మధ్యప్రదేశ్ ఛింద్వాడా మహిళలు చేసే ఇప్పపువ్వు కుకీల గురించి చెప్పారు. నేను బెల్లం తగ్గించి, కడిగి ఎండబెట్టి వేయించిన ఇప్పపువ్వు పొడి జొన్న బిస్కెట్లలో కలుపుతున్నాను. వేయించాక కాస్త పొగవాసనతో బాగుంటుంది. తీపి తీపే కాబట్టి అది అమ్మకు పెట్టను.

డబల్‌రొట్టె నిలవ గురించి చెప్పి ఆపుతాను. మొదటి రోజు అలాగే తినొచ్చు. చల్లారాక ముక్కలు కోసి, డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచితే రెండు వారాలు ఉంటుంది. బయట ఉంచినదాన్ని మూడో రోజు పెంక మీద నెయ్యి రాసి రెండు వైపులా కాల్చాలి. వేడికి బిగుసుకున్న స్టార్చ్ మళ్లీ మెత్తబడుతుంది, అంచులు కరకరలాడతాయి. మా పిల్ల బడికి అట్లా కాల్చిన రెండు ముక్కల మధ్య పల్లి చట్నీ పెట్టుకుని పోతుంది. మిగతా పిల్లల డబ్బాలు తగలకుండా దాని డబ్బాకు వేరే సంచి, ఆ సంచి మీద దాని పేరు అదే రాసుకుంది.